పన్నెండో ఇల్లు

ఆ ఏడాది కేంద్రం నుంచి రాష్ట్ర ఆరోగ్యశాఖకి ఒక గ్రాంటు వచ్చింది. మందులకి కాదు, మంచాలకీ కాదు. ఆసుపత్రులకి నిధులు సర్దే అధికారుల కోసం వచ్చింది. కాగితాల మీద అంకెలు చూసేవాళ్ళు ఒక్కసారైనా ఊళ్ళోకి వెళ్ళాలి, జబ్బు చేస్తే జనం చేతినుంచి ఎంత పెట్టుకుంటున్నారో ఇంటింటికీ తిరిగి అడగాలి. అదీ షరతు. ఒక్కొక్కరికి ఒక్కో ఊరు, వారం రోజులు, చేతికో ట్యాబ్.

భవానీదేవికి కాకరలంక వచ్చింది.

ఆవిడది తెనాలి. వయసు నలభై ఆరు. నిధుల విభాగంలో పద్ధెనిమిదేళ్ళ సర్వీసు. ఆవిడ సంతకానికి వెళ్ళాల్సిన ఫైలంటే జిల్లాల్లో గుమాస్తాలు భయపడేవారు. రుజువు లేని ఖర్చు ఆవిడ బల్ల దాటి వెళ్ళేది కాదు. ఆ సంగతి నలుగురూ చెప్పుకుంటారని ఆవిడకి తెలుసు, కొంచెం గర్వం కూడా ఉండేది.

జూలై రెండో వారంలో రాజోలు దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి ఆటోలో రేవుకి చేరింది. గోదావరి వైనతేయ పాయ అప్పటికే ఎర్రబడింది. ఇంజను పడవ నడిపే పెదబాబు అనే ఆయన పెట్టె అందుకుని, "జాగ్రత్తగా ఎక్కండి మేడంగారూ, నీరు కొత్తగా ఉంది" అన్నాడు. అవతలి ఒడ్డున లంక ఆశా కార్యకర్త లోవమ్మ గొడుగు పట్టుకుని నిలబడింది. వారం రోజులూ బస ఆవిడ ఇంట్లోనే.

లంకలో మూడు వీధులున్నాయి. సర్వేకి ఎంపికైంది రేవు వీధి. పదకొండు ఇళ్ళు.

మొదటి ఇల్లు భూలక్ష్మిది. అరుగు మీద తాటాకు చాప పరిచి, కొబ్బరి బొండం కొట్టి చేతికిచ్చి కూర్చుంది. కొడుకు సాయికుమార్ కువైట్‌లో డ్రైవరు. కోడలు రమ్యశ్రీకి ఎనిమిదో నెల.

"ఇంట్లో మొత్తం ఎంతమందండీ?"

"నలుగురం అండీ. నేను, అబ్బాయి, కోడలు, వీరాయమ్మగారు."

"వీరాయమ్మగారు మీకేమవుతారు?"

భూలక్ష్మి కోడలి వంక చూసింది. "మా మనిషేనండీ."

"వయసు?"

"అరవై ఆరు అండీ." కాసేపాగి, "అంతే రాసుకోండి" అంది.

"ఒకసారి పిలుస్తారా?"

"బయటికెళ్ళేరండి. వస్తారు."

ఈ ఏడాది ఆవిడ ఆరోగ్యానికి ఏం ఖర్చు పెట్టేరని అడిగితే మోకాళ్ళ నొప్పుల నూనె అని చెప్పింది. రెండు నెలలకో సీసా. భవానీదేవి రాసుకుంది.

రెండో ఇంట్లో అయిదుగురు. అయిదో పేరు వీరాయమ్మ, అరవై ఆరు. ఇద్దరు వీరాయమ్మలు ఉండకూడదని ఏముంది అనుకుంది భవానీదేవి. మూడో ఇంట్లోనూ వీరాయమ్మే. అక్కడ కళ్ళజోడు బాగుచేయించేరట. నాలుగో ఇంట్లో ఒక ముసలాయన మంచం మీద పడుకుని ఉన్నాడు. వీరాయమ్మ ఎక్కడని అడిగితే లేవకుండానే గుమ్మం వైపు చెయ్యి చూపించేడు.

"ఇప్పుడే వెళ్ళేరు కదండీ. మీకెదురు రాలేదా?"

గడప లోపల సిమెంటు నేల మీద తడి ఉంది. వాన కురిసి రెండు రోజులైంది. ఇంట్లో ఎవరూ స్నానం చేసి వచ్చినట్టు లేదు. ఆ తడి గడప దగ్గర మొదలై, పొయ్యి దాకా వెళ్ళి, అక్కడే ఆగింది. వెనక్కి వచ్చిన జాడ లేదు.

వీధిలోకి వచ్చేక భవానీదేవి లోవమ్మని నిలదీసింది. "ఏంటండీ ఇది? ఒకే పేరు ఇంటింటా రాయిస్తున్నారు. దేనికి? కార్డులకా, పింఛనుకా?"

"కార్డుల్లేవండి. ఎవరూ ఏవీ తీసుకోరండి."

"మరి ఆవిడెవరు?"

"అన్నిళ్ళూ అయ్యేక అడగండి మేడంగారూ. మధ్యలో అడిగితే చెప్పలేను."

సాయంత్రానికి పది ఇళ్ళు అయ్యేయి. పదకొండోది లోవమ్మ ఇల్లే. ట్యాబ్ ముందు పెట్టుకుని భవానీదేవి అడిగింది. లోవమ్మ మొగుడి పేరు చెప్పింది, ఇద్దరాడపిల్లల పేర్లు చెప్పింది, తల వంచుకుని, "వీరాయమ్మగారండి" అంది.

"మీరు కూడానా లోవమ్మగారూ?"

"ఆయ్."

భోజనాలయ్యేక భవానీదేవి పదకొండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూసింది. దొంగలెక్కని పట్టుకోవడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. దొంగలెక్కలో ఒకే ఖర్చు రెండు మూడు చోట్ల పడుతుంది. ఇక్కడ అలా లేదు. ఒక ఇంట్లో నూనె. ఒక ఇంట్లో కళ్ళజోడు. ఒక ఇంట్లో బీపీ మాత్రలు, ఇంకో ఇంట్లో చేతులు కడుక్కునే సబ్బులు, ఇంకో ఇంట్లో రెండు నేతచీరలు, ఇంకో ఇంట్లో చెప్పులు. ఒక్కటీ మళ్ళీ రాలేదు. పదకొండు ఇళ్ళ ఖర్చూ కలిపితే సరిగ్గా ఒక్క మనిషి ఏడాది బతుకు.

"ఆ నూనె సీసా ఏం చేస్తారు?" అని అడిగింది లోవమ్మని.

"అటక కింద గూట్లో పెడతారండి."

"పెట్టి?"

"అయిపోతుందండి."

మర్నాడు పొద్దున్న భూలక్ష్మే అంతా చెప్పింది. వీరాయమ్మ ఆ లంకకి మంత్రసాని. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు, నా అన్నవాళ్ళు లేరు. తరవాత తరవాత ప్రభుత్వం వాళ్ళు శిక్షణ కూడా ఇచ్చేరు. పురుళ్ళు ఆసుపత్రిలోనే పోయించాలని నియమం వచ్చేక, నొప్పులొచ్చిన పిల్లని పడవెక్కించి ఒడ్డు దాటించి ఆసుపత్రి దాకా తోడు వెళ్ళేది. ఒక్కో నెల ఒక్కో ఇంట్లో ఉండేది, తినేది. రేవు వీధిలో ముప్ఫయ్యేళ్ళలోపు వాళ్ళంతా ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్ళే.

"మూడేళ్ళ కిందటి వరదలో అండీ, పక్క లంకలో ఎవరికో నొప్పులని కబురొచ్చింది. ఆసుపత్రి వాళ్ళ మోటారు పడవ రేవులోనే కట్టేసుంది. ఇంజనుకి నూనె లేదు. అంతకుముందు నెలనెలా వచ్చేది, పైనుంచి ఆపేసేరన్నారు. ఈవిడ ఆగుతుందా? చిన్న నావ మాట్లాడుకుని వెళ్ళింది. నడిగోదాట్లో తిరగబడింది. నావ వాడు ఈదుకొచ్చేడు. ఈవిడ దొరకలేదు."

"దినకార్యాలు...?"

"ఎవరు చేస్తారండీ? మా మనిషంటే మా మనిషని పదకొండు ఇళ్ళ వాళ్ళం దెబ్బలాడుకున్నాం. మండలాఫీసులో చచ్చిపోయినట్టు కాగితమడిగితే, శవం దొరకలేదు కనక ఏడేళ్ళు ఆగమన్నారు. సరే, ఉన్నట్టే కదా అనుకున్నాం." భూలక్ష్మి గొంతు తగ్గించింది. "ఉన్నారండి. ఎవరికైనా పురిటిగండం ఉంటే ఒకరోజు ముందొచ్చి తలుపు కొడతారు. వేన్నీళ్ళు పెట్టవే అంటారు. ఆ మాట వినబడితే మేం ఇంకేం ఆలోచించం. పిల్లని తీసుకుని ఒడ్డు దాటేస్తాం. మూడేళ్ళలో ఈ వీధిలో ఒక్క పిల్లా పోలేదు."

వేన్నీళ్ళ సంగతి భవానీదేవి చెవికెక్కలేదు. నూనె అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆ ఫైలు ఆవిడకి బాగా గుర్తుంది. లంక గ్రామాల అత్యవసర పడవలు, డీజిలు. రెండు త్రైమాసికాలుగా వినియోగ పత్రాలు రాలేదు. 'నిలిపివేయవచ్చు' అని కింద గుమాస్తా రాస్తే, 'వచ్చు' కొట్టేసి 'నిలిపివేయడమైనది' అని దిద్ది సంతకం పెట్టింది తనే. ఆ రోజు అలాంటివి పంతొమ్మిది ఫైళ్ళు చూసింది. టీ చల్లారిపోయిందని బంట్రోతుని కసిరింది కూడా.

ఆ మాట భూలక్ష్మికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దుటినుంచీ ఎడతెరిపి లేని వాన. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేరని, పడవలు ఆపేయమని ఫోన్లు వచ్చేయి. మధ్యాహ్నం పన్నెండున్నర వేళ భవానీదేవి బడి వరండాలో ఒక్కతే కూర్చుని పత్రాలు సరిచూసుకుంటోంది. బడికి సెలవిచ్చేసేరు. గట్టు అవతల నీళ్ళ హోరు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

ఎవరో మెట్లెక్కి వచ్చేరు. తల ఎత్తితే ముసలావిడ. నేతచీర, మోకాళ్ళ దాకా తడి. తలమీద మాత్రం ఒక్క చుక్క పడలేదు. బయట కుండపోతగా కురుస్తోంది.

"రాసుకుంటున్నావా అమ్మా?" అంది.

"అవునండీ. కూర్చోండి. మీరే వీధి?"

"ఈ వీధే."

ఈ వీధిలో మనుషులందరినీ చూసేసేననుకుంది భవానీదేవి. ఈవిడని చూసినట్టు లేదు. ఆవిడ కూర్చోలేదు. స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. వేళ్ళ చివర్లు, ఎక్కువసేపు నీళ్ళల్లో నానినట్టు, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"భూలక్ష్మి కోడలికి ఎనిమిదో నెలని రాసేవు కదా. నెలలు కాదు చూడాల్సింది. బిడ్డకి పైనుండాల్సిన మాయ కింద పడుంది. ఆ పిల్ల ఇక్కడుండకూడదు."

"మీకెలా తెలుసు? డాక్టరుగారు చూసేరా?"

"రెండు గంటల్లోపు ఒడ్డు దాటించు."

"పడవలు ఆపేసేరండి."

ముసలావిడ అప్పుడు భవానీదేవి మొహంలోకి చూసింది. కోపం లేదు. పొయ్యి మీద ఎసరు మరిగిందా లేదా అని చూసే చూపు అది.

"ఈసారి పడవ ఆపకు తల్లీ" అంది.

భవానీదేవి చేతిలో ట్యాబ్ జారి ఒళ్ళో పడింది. దాన్ని పట్టుకుని మళ్ళీ తలెత్తేసరికి వరండాలో ఎవరూ లేరు. స్తంభం మీద అరచెయ్యంత తడి మరక. సున్నం లోపలికి అది నెమ్మదిగా ఇంకిపోతోంది.

ఆవిడ గొడుగు అక్కడే వదిలేసి పరిగెత్తింది.

రమ్యశ్రీ మంచం మీద కూర్చుని ఫోన్లో మొగుడితో మాట్లాడుతోంది. ఏ నొప్పీ లేదు. మొహం కళకళలాడుతోంది. భవానీదేవి రొప్పుతూ జరిగింది చెబితే భూలక్ష్మి చేతిలో చేట కింద పెట్టేసింది.

"వేన్నీళ్ళు పెట్టమన్నారా అండీ?"

"లేదు. ఆ మాటే అనలేదు."

"అనలేదా?" భూలక్ష్మి కోడలి చెయ్యి పట్టుకుని లేవదీసింది. "ఎప్పుడూ అంటారండీ. అనలేదంటే ఇంక టైము లేదండీ."

రేవులో పెదబాబు ఒప్పుకోలేదు. "హెచ్చరిక ఉంది మేడంగారూ. వేస్తే నా పడవ పట్టుకుపోతారు. నీళ్ళు చూడండి, దుంగలు కొట్టుకొస్తున్నాయి."

భవానీదేవి అక్కడే వానలో నిలబడి జిల్లాలో తనకి తెలిసిన ప్రతి అధికారికీ ఫోను చేసింది. ఒకాయన ఎత్తలేదు. ఒకాయన రాతపూర్వకంగా పంపమన్నాడు. పద్ధెనిమిదేళ్ళుగా తను అందరికీ చెప్పిన మాటే అది. ఆవిడ ఫోను పెట్టేసి, కబురు విని వచ్చిన లోవమ్మ దగ్గరున్న పిల్లల నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, 'ప్రాణాపాయం ఉన్నందున నా ఆదేశం మీద ఈ పడవ దాటించబడుతోంది, పూర్తి బాధ్యత నాది' అని రాసి, పేరు, హోదా, సంతకం పెట్టి పెదబాబు చేతికిచ్చింది. ఆయన దాన్ని మడిచి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఇంజను తాడు లాగేడు.

అయిదుగురు ఎక్కేరు. పెదబాబు, భవానీదేవి, లోవమ్మ, భూలక్ష్మి, రమ్యశ్రీ. పిల్లని మధ్యలో పరుపు మీద పడుకోబెట్టేరు. తల భూలక్ష్మి ఒళ్ళో. లోవమ్మ టార్పాలిన్ పట్టుకుంది. భవానీదేవి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

సగం దూరం వెళ్ళేక రమ్యశ్రీ ఒక్కసారి కళ్ళు పెద్దవి చేసింది. "అత్తయ్యా, తడిగా ఉంది" అంది. చీరంతా నెత్తురు. నొప్పి లేదు, అరుపు లేదు, నెత్తురు మాత్రం ఆగడం లేదు.

"తొందరగా పోనీ పెదబాబూ!" లోవమ్మ కేక వేసింది.

"పోతోందండీ!" పెదబాబు గొంతు మారిపోయింది. "అయిదుగురమే కదండీ ఉన్నాం? పడవ ముందువైపు ఎందుకు దిగిపోతోంది? ఎవరో కూర్చున్నట్టు!"

ముందువైపు, రమ్యశ్రీ కాళ్ళ దగ్గర, ఖాళీ బల్ల ఉంది. దాని మీద పడ్డ వాన చినుకులు బల్లకి తగలకుండా జానెడు పైనే చిట్లుతున్నాయి. భవానీదేవి చూసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచి చూసింది. ఒక పెద్ద దుంగ సరిగ్గా పడవ మీదికే వస్తూ, పక్కనించి ఎవరో తోసినట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోయింది.

లోవమ్మ ముందే ఫోను చేసి పిలిపించిన 108 ఒడ్డున సిద్ధంగా ఉంది. అమలాపురంలో ఆపరేషను చేసేరు. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందలు. మాయ గర్భసంచి ముఖానికి అడ్డంగా ఉందనీ, ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లి దక్కేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. స్పృహ వచ్చేక రమ్యశ్రీ మొదటి మాటగా, "మామ్మ నా కాళ్ళు ఎత్తి పట్టుకుందత్తయ్యా, చేతులు ఎంత చల్లగా ఉన్నాయో" అంది. అలా కాళ్ళు ఎత్తి పట్టుకోవడం నిజంగానే మంచిదైంది అంది పక్కనున్న నర్సు, ఎవరు పట్టుకున్నారో అడక్కుండా.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నప్పుడు భవానీదేవి చెప్పేసింది. "భూలక్ష్మిగారూ, ఆ పడవకి నూనె ఆపింది నేనే. పత్రాలు రాలేదని ఆపేను. ఎందుకు రాలేదో అడగలేదు."

భూలక్ష్మి లేచి వెళ్ళిపోతుందనుకుంది భవానీదేవి. వెళ్ళలేదు.

"ఆవిడకి తెలుసా అండీ?"

"తెలుసు."

"తెలిసే మీ దగ్గరికొచ్చేరా?"

"ఆయ్" అంది భవానీదేవి, ఆ మాట తన నోట ఎలా వచ్చిందో తనకే తెలీకుండా.

భూలక్ష్మి క్షమించేనని అనలేదు. లేచి వెళ్ళి రెండు గ్లాసుల టీ తెచ్చి ఒకటి ఆవిడ పక్కన పెట్టింది.

వరద తగ్గేక భవానీదేవి మళ్ళీ లంకకి వెళ్ళింది. పని మిగిలే ఉంది. పదకొండు ఇళ్ళలో ఒకే మనిషిని రాస్తే పత్రాలు చెల్లవు. పూర్తిగా కొట్టేయడానికి చెయ్యి రాలేదు. ఏ ఇంట్లో ఉంచాలని అడిగితే రేవు వీధి వాళ్ళంతా బడి దగ్గర కూర్చుని మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఏ ఇంటికిచ్చినా మిగతా పది ఇళ్ళూ ఒప్పుకోలేదు. చివరికి నాలుగో ఇంటి ముసలాయన, "ఆవిడకి విడిగా రాయండి" అన్నాడు.

చట్టం ప్రకారం ఇంకో నాలుగేళ్ళ దాకా వీరాయమ్మ బతికున్నట్టే. బతికున్న మనిషిని రాయడం తప్పు కాదు. తిరుగు ప్రయాణంలో, పెదబాబు పడవలో కూర్చుని, భవానీదేవి ఒక కొత్త పత్రం తెరిచింది. ఇంటి నంబరు పన్నెండు. సభ్యులు ఒక్కరు. పదకొండు ఇళ్ళలో ఉన్న నూనె, కళ్ళజోడు, మాత్రలు, చెప్పులు అన్నీ ఒకచోటికి తెచ్చి రాసింది. వృత్తి దగ్గర 'మంత్రసాని' అని రాసి నొక్కింది. పత్రం వెళ్ళిపోయింది.

నివేదికలో ఆవిడ దయ్యం గురించి ఒక్క ముక్క రాయలేదు. లంకల్లో ఆడవాళ్ళకి జబ్బుకయ్యే ఖర్చులో మందులకంటే ఏరు దాటడానికయ్యేదే ఎక్కువని రాసింది. పడవకి నూనె ఆపిన తేదీ, ఆపిన అధికారి పేరు, ఆ తరవాత జరిగిన ప్రమాదం తేదీ వరసగా రాసింది. అధికారి పేరు తనదే. పై అధికారి శివప్రసాద్ ఆ పేరా తీసేయమని రెండుసార్లు చెప్పేడు. తియ్యలేదు. దాని మీద ఆవిడకి సంజాయిషీ నోటీసు వచ్చింది, ఏడాది ఇంక్రిమెంటు పోయింది. పడవకి నూనె మాత్రం సెప్టెంబరు నుంచి మళ్ళీ మొదలైంది.

ఆ నెలాఖరులో ఒకరోజు పదకొండున్నర వేళ, పత్రాలు తనిఖీ చేసే అనూరాధ అనే అమ్మాయి ఆవిడ బల్ల దగ్గరికొచ్చింది.

"మేడం, కాకరలంకలో ఒక ఇల్లు తేడాగా ఉంది. పత్రం నింపినచోటు ట్యాబ్ దానంతట అదే నమోదు చేసుకుంటుంది కదా. పదకొండు ఇళ్ళూ వీధిలోనే పడ్డాయి. పన్నెండోది నడిగోదాట్లో చూపిస్తోంది."

"నేనప్పుడు పడవలో ఉన్నాను."

"అదే అనుకున్నాను మేడం. పడవ కదులుతూ ఉంటుంది కదా, చోటు కూడా కదలాలి. ఇది ఒక్కచోటే ఉంది. పైగా..." అనూరాధ కొంచెం ఇబ్బందిపడింది. "మీరు పంపింది ఒక్కసారే. ఆ తరవాత ఆ ఇంటినుంచి మళ్ళీ మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా సభ్యులు ఒక్కరే, వృత్తి అదే. కింద మాత్రం ఒక్కోసారి ఒక్కో పేరు ఉంటోంది, ఎవరో గర్భిణీల పేర్లు. కొట్టేయమంటారా?"

భవానీదేవి కుర్చీలోంచి లేచింది. "కడపటిది ఎప్పుడొచ్చింది?"

"ఇందాకే. పదకొండూ ఇరవైకి."

"పేరు చదువు" అంది భవానీదేవి, ఫోను చేతిలోకి తీసుకుని లోవమ్మ నంబరు నొక్కుతూ.